బుగ్గదా, వీపుదా?

"కోసేది బుగ్గనే కదా, చేతుల్ని కాదుగా! సాయంత్రం వంట నా నెత్తిన పెట్టకు," అంది అత్తగారు.

ఆ అవసరం రానివ్వలేదు కోడలు. తెల్లారకముందే లేచి రెండు పూటలకీ వండేసింది. మొగుడి చొక్కాలు వారానికి సరిపడా ఇస్త్రీ చేసింది. అరగంట ఆపరేషన్‌కి ఇంత చాకిరీ.

ఆమె ఎడమ బుగ్గ మీద మిరియపు గింజంత మచ్చ ఉంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు "ఈగ వాలిందనుకుని తోలబోయానర్రా!" అని పదిమందిలో నవ్వింది. అప్పట్నుంచి మొగుడికి ఆమె పేరే ఈగ. "ఈగా, కాఫీ." "ఈగా, నా కళ్ళజోడేదీ?" కూతురికి మాటలొచ్చాక మొదట అన్నది అమ్మ కాదు, ఈగ. ముద్దొస్తోందని ఇంటిల్లిపాదీ మళ్ళీ మళ్ళీ అనిపించారు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె కూడా నవ్వుతూనే ఉంది, నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారని. ఇప్పుడు మొగుడు మేనేజరయ్యాడు. వచ్చే నెల ఆఫీసు విందుకి పెళ్ళాన్ని తీసుకెళ్ళాలి. అందుకే ఈ ఆపరేషన్.

వీపు మీద ఇంకో మచ్చ ఉంది, దాని సంగతి వేరు. దాన్ని ఆమె కూడా చూసుకోలేదు. కొలతలు తీస్తూ దర్జీ ఆవిడ చూసింది. "ఇదేంటమ్మా, పోయినేడు ఇందులో సగం కూడా లేదు! అంచులు చెదిరి నల్లబడింది. వెంటనే చూపించుకో." ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, ఒక్కసారి చూడమని మొగుడి వైపు వీపు తిప్పింది ఆమె. "మ్యాచ్ అయ్యాక," అన్నాడు. మ్యాచ్ అయింది, నిద్రపోయాడు. మూడు వారాల నుంచి లోబట్టలకి రక్తం అంటుతోందని చెప్తే, "వీపెవరు చూడొచ్చారే!" అని నవ్వాడు.

ఆస్పత్రిలో మచ్చ ఎక్కడని డాక్టరమ్మ అడిగితే, మొగుడు సంతలో పశువు పళ్ళు చూపించినట్టు ఆమె గడ్డం పట్టుకుని మొహం తిప్పి చూపించాడు. కాగితం మీద సంతకం కూడా అతనే గీకేశాడు.

"వీపు మీద కూడా..." అని గొణిగింది ఆమె.

"ఇవాళ ఒక్కటే కుదురుతుందమ్మా. రెండోది రెండు నెలలు ఆగాలి," అంది నర్సు.

"అయితే బుగ్గదే," అని తేల్చేసి మొగుడు బయటికెళ్ళి కూర్చున్నాడు.

లోపల బల్ల మీద పడుకోమన్నారు. ఆమె బోర్లా పడుకుంది.

"బుగ్గ కదమ్మా?" అంది నర్సు.

"కాదు, వీపు. ఇంకో కాగితం ఇవ్వండి, సంతకం నేను పెడతాను."

డాక్టరమ్మ వంగి చూసింది. "ఇంత పెరిగేదాకా ఇంట్లో ఎవరూ చూడలేదా?" అంది.

ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. సూది గుచ్చుకుంది, ఆ చోటు మొద్దుబారింది. కోసిన ముక్కని సీసాలో వేసి పరీక్షకి పంపారు. అది చెడ్డదో కాదో పది రోజుల్లో తెలుస్తుందన్నారు.

తలుపవతల మొగుడి గొంతు. "ఈగా, ఇంకెంతసేపు? ఆకలేస్తోంది!"

"ఫలితం ఎవరికి చెప్పాలమ్మా? కాగితంలో మీవారి నంబరుంది," అంది నర్సు.

ఆమె దాన్ని కొట్టేసి దర్జీ ఆవిడ నంబరు రాసింది.

"ఈవిడ మీకేమవుతారు?"

"నా వీపు చూసిన మనిషి."