పాత వరుసలో చివరి లెక్క

తెర మీద ఎర్రబడిన గీతను ఎంచి, బాబాయి ఆ పనిని మరో కేంద్రానికి మళ్లించాడు. ఎక్కడో ఒక కంప్యూటరు మొరాయించింది. ఆగిన పనిని ఇంకోచోటికి పంపడం, అక్కడైనా నడుస్తోందా లేదా అని చూడడం, ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన చేసింది ఇదే. కణాలు ఢీకొన్నప్పుడు పుట్టే సమాచారాన్ని శాస్త్రవేత్తలు దేశదేశాల కంప్యూటర్లకు పంచి లెక్కలు కట్టిస్తారు. ఎవరిది ముందు, ఎవరిది వెనక అని చూసేవాడు కాబట్టి అందరూ 'క్యూ బాబాయి' అన్నారు. అసలు పేరు హాజరుపట్టీలోనే మిగిలింది. తెరల వైపు చూసి చూసి మెడ ముందుకు వంగిపోయింది. మౌసు మీద లేనప్పుడు కూడా చూపుడువేలు ఉండుండి కదులుతుంది.

"ఊరందరి పనులూ వరసలో పెడతారు, ఇంట్లో కుళాయి మాత్రం కారుతూనే ఉంటుంది," అని పొద్దున భార్య దెప్పింది.

ఈరోజుతో ఈ పనులు పంచే పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. కొత్తదానికి మనిషి కాపలా అక్కర్లేదు. ఖాళీ అయిన కంప్యూటరే వచ్చి పని అడిగి తీసుకుంటుంది. రేపటినుంచి బాబాయికి స్టోర్సులో కుర్చీ. కొత్తది బాగుందని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ మాట అన్నాక లేచి మంచినీళ్లు తాగాడు.

మధ్యాహ్నానికి పాత వరుసలో ఒక్కటే మిగిలింది. అది రిటైరైన ప్రొఫెసరుగారి లెక్క. ఆస్పత్రిలో చేరాక కూడా ఆయన రోజూ ఫోను చేసి, "మనవాడు ఎందాకా వచ్చాడయ్యా?" అని ఆ లెక్క గురించి అడిగేవాడు. ఇవాళ ఇంకా చెయ్యలేదు.

కొత్తదాన్ని పెడుతున్న ఇంజనీరమ్మ తలుపు తీసింది. "దాన్ని చంపెయ్యండి బాబాయ్. కొత్తదాంట్లో మళ్లీ వేద్దాం."

ఆపడాన్ని అక్కడ అందరూ చంపడమే అంటారు. బాబాయి నోట మాత్రం ఆ మాట ఎన్నడూ రాలేదు.

"మళ్లీ అంటే మొదటినుంచీ కదమ్మా. సాయంత్రానికి అయిపోతుంది, ఉండనీ."

"పైవాళ్లు నన్ను ఉతికేస్తారు."

"నా మీద తోసెయ్."

అప్పుడే ఫోను మోగింది. ప్రొఫెసరుగారి కూతురు.

"అంకుల్, నాన్న పోయారు. ఇందాకే."

బాబాయి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. విషయం విన్న ఇంజనీరమ్మ తెర మీద మిగిలిన ఆ ఒక్క గీత వైపు చూసింది.

"ఇంక అడిగేవాళ్లెవరు బాబాయ్? ఆపేద్దామా?"

"వద్దు తల్లీ. నడవనీ."

ఆమె ఆయన ముఖం చూసి, పైవాళ్లకు తనే ఫోను చేసింది. "ఇంకాస్త టైం పడుతుంది సార్. నేను చూసుకుంటాను."

పొద్దు వాలుతుండగా తెర మీద ఆ లెక్క గీత పచ్చబడింది. బాబాయి ప్రొఫెసరుగారి కూతురికి ఫోను చేశాడు.

"నాన్నగారి లెక్క పూర్తయిందమ్మా."

"ఏమొచ్చింది అంకుల్?"

"అది నాకు తెలీదు తల్లీ. తెలిసినవాళ్లకి పంపించాను. మధ్యలో మాత్రం ఎక్కడా ఆగలేదు."

అవతల ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు తగ్గేదాకా ఆయన ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. తర్వాత పాత సాఫ్ట్‌వేర్‌ను తన చేత్తోనే ఆపి, దీపాలార్పి, గది తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

బాబాయి పక్కన తన లెక్క చూస్తూ కూర్చునే కుర్చీలో, నడుంనొప్పికని ప్రొఫెసరు ఎప్పుడో తెచ్చిపెట్టుకున్న చిన్న దిండు, మధ్యలో గుంటతో అలాగే ఉంది.