వెలుగులో చూడండమ్మా

"చదివావా?" పొద్దుటి నుంచి భర్తది అదే ప్రశ్న. ఆయన మాత్రం చదవలేదు. డాక్టరమ్మ చెప్పిన పేజీని భార్య ఫోన్‌కి పంపడం ఆయన పని, చదవడం ఆమె పని. ఆ ఇంట్లో పనుల పంపకం ఎప్పుడూ అంతే. కర్టెన్ల కొట్టు ఆయన పేరు మీద ఉంది, నడిచేది ఆమె కాళ్ల మీద.

"ఒక్క ముక్కా ఎక్కలేదండీ" అంటే, "తల్లివి, నీకర్థం కాకపోతే ఇంకెవరికవుతుంది?" అని విసుక్కున్నాడు.

కూతురు గువ్వకు నాలుగేళ్లు. ఆటిజం అని తేల్చిన డాక్టరమ్మ నిన్న ఇంటర్నెట్‌లో ఒక పేజీ చూపించి, "చదువుకుని ఎల్లుండి రండి. పాపకు ప్రతిధ్వని భాషణం ఉందో లేదో మీరే చెప్పాలి. మాటల క్లాసా, సైగల క్లాసా అన్నది దాన్నిబట్టే" అంది. తెరిస్తే ఇలా ఉంది: "విలంబిత ప్రతిధ్వని భాషణము సంభాషణోద్దేశముతో ప్రయుక్తమగుటకు అవకాశము కలదు."

అందులో ప్రతిధ్వని అన్న మాటొక్కటే భర్తకు దొరికింది. "చెవుల సమస్య. దానికి అన్నీ గుహలో అరిచినట్టు వినబడతాయన్నమాట" అని తీర్పు చెప్పేశాడు. అత్తగారు ఆలస్యం చెయ్యకుండా గువ్వ వెనక నిలబడి పళ్లాన్ని గరిటెతో మోగించింది. పక్కింటి కుక్క పలికింది. గువ్వ మాత్రం కర్టెన్ కుచ్చుల్లోంచి వేళ్లు తియ్యలేదు.

"చెవుడే. ఇక మాటలంటావా, కొట్లో కూర్చోబెట్టి పెంచావు, ఆ కొట్టు మాటే చిలకలా వల్లిస్తోంది. వెలుగులో చూడండమ్మా, వెలుగులో చూడండమ్మా అని!" అంది అత్తగారు.

ఆ మాట ఆమెదే. గుడ్డ రంగు ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా ఉంటుంది. అందుకే కొనడానికి వచ్చినవాళ్లను గుమ్మం బయటికి తీసుకెళ్లి ఆ మాట అంటుంది. అదే కూతురి నోట విన్నప్పుడల్లా తన పెంపకాన్నే ఎవరో ఎత్తిపొడిచినట్టు తల దించుకునేది.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ కౌంటర్ దగ్గర మళ్లీ ఆ పేజీ తెరిచింది. ఇది రాసినవాళ్లు కొట్టు పెడితే సాయంత్రానికి మూసుకోవాల్సిందే అనుకుంది. 'సూర్యరశ్మి నిరోధక వస్త్రము' అంటే ఎవరు కొంటారు? ఎండ ఆపే గుడ్డ అనాలి. వాక్యం బిగించి కట్టిన మూటలా ఉంది, నిజమే. విప్పి చూడకుండానే తనకు చేతకాదని ఎందుకు ఒప్పుకోవాలి? ఒక్కో ముడీ విప్పింది. విలంబితమంటే ఆలస్యంగా. ప్రతిధ్వని అంటే విన్నదే తిరిగి. ఉద్దేశమంటే ఏదో చెప్పాలని. అన్నీ పరిచి, ఎదురుగా మనిషి ఉన్నట్టు పైకి చదివింది: "ఎప్పుడో విన్న మాటను పిల్లలు తర్వాత తిరిగి అనొచ్చు. ఏదో చెప్పాలనే అంటూ ఉండొచ్చు."

అంతలో గువ్వ వచ్చి ఆమె వేలు పట్టుకుని గుమ్మం వైపు లాగింది. "వెలుగులో చూడండమ్మా."

ఆమె లేచింది. ఇద్దరూ గుమ్మం దాటారు. ఎండలో పడగానే గువ్వ గిరగిరా తిరుగుతూ పకపకా నవ్వింది. చెప్పులు చేత్తో పట్టుకున్నప్పుడు, కిటికీకి ముఖం ఆనించినప్పుడు, తలుపు వేసేస్తున్నప్పుడు, ప్రతిసారీ ఆ మాటే. బయటికి తీసుకెళ్లమని ఇన్నాళ్లూ అడుగుతూనే ఉంది పిచ్చితల్లి! అదీ ఎంత మర్యాదగా! ఆ ఇంట్లో తనను 'అండి' అని పిలిచిన మనిషి ఇదొక్కతే. ఆమెకు నవ్వాగలేదు, కళ్లనీళ్లూ ఆగలేదు.

సాయంత్రం అంతా చెబితే భర్త నమ్మలేదు. "పెద్దవాళ్లు అంత రాస్తే, నువ్వు ఇంతేనంటావేంటి?"

"ఇంతే. పెద్ద మూటలో చిన్న గుడ్డ."

"మరి చెవులో?" అంది అత్తగారు.

"బాగున్నాయి అత్తయ్యా. వినకపోతే నా మాట ఎలా అంటుంది? మీ మనవరాలికి ఆ పళ్లెం బేరం నచ్చలేదు, అందుకే తిరగలేదు."

అత్తగారు నవ్వు ఆపుకోలేక గరిటె పక్కన పెట్టేసింది.

"రేపు మాటల క్లాసు అని నేను చెబుతాను. పేజీలో ఇంకా సగం ఉంది. అది మీరు చదవండి" అంటూ ఫోన్ ఆయన చేతిలో పెట్టి, గువ్వ చెప్పులు అందుకుంది.

"నేనా? నాకేం అర్థమవుతుంది?"

"తండ్రివి మీరు. మీకర్థం కాకపోతే ఇంకెవరికవుతుంది?"

ఎప్పుడో విన్న మాటే. చెప్పాలనే అంది.