పండుగలకు పిలిచే జట్టు

నెబ్రాస్కా మొక్కజొన్న చేల నడుమ ఓ చిన్న కాలేజీ. దాని ఫుట్‌బాల్ జట్టుకు డెల్మర్ హోసెక్ బస్సు తోలబట్టి ముప్ఫై ఏళ్లు. డెబ్భై దాటాక భార్య ఇర్మా, "ఇంక చాలు, దిగు" అంది. "ఒక్క గెలుపు కళ్లారా చూసి దిగుతా" అన్నాడాయన. ఆ మాట అని మూడేళ్లయింది. జట్టు ఆయన్ని దిగనిస్తేగా!

ఓడిపోవడంలో వీళ్లకెంత పేరంటే, చుట్టుపక్కల కాలేజీలన్నీ తమ పాత విద్యార్థుల పండుగ రోజు మ్యాచ్‌కి వీళ్లనే పిలిచేవి. ఆ రోజు సొంత జట్టు గెలిచి తీరాలి కదా మరి. ఈ ఏడాది ఆడిన పదింట్లో ఆరు పండుగలే. ఆఖరిసారి పిలిచినవాళ్లయితే, వీళ్లు ఖాళీగా దొరకలేదని, అక్టోబరులో చేసుకోవాల్సిన పండుగని నవంబరు చలిలోకి జరుపుకున్నారు.

ఆ నవంబరు పండుగ రోజు మాత్రం వింత జరిగింది. ఆఖరి నిమిషానికి వీళ్లు మూడు పాయింట్లే వెనకబడి ఉన్నారు. బంతి అవతలివాళ్ల గీతకి మూరెడు దూరంలో ఉంది. గీత దాటిస్తే గెలుపే. డెల్మర్ బస్సు దిగి కంచె పట్టుకు నిలబడ్డాడు.

కోచ్ లైల్ బ్రాంట్ సైగ చేశాడు. బంతి చేత్తో అందుకున్నవాడు మోకాలి మీద కూర్చున్నాడు; ఆ ఆటలో మోకాలు నేలకి ఆనితే బంతి అక్కడితో ఆగినట్టే. అలాగే కూర్చుని, గడియారంలో సమయం అయిపోయేదాకా కదల్లేదు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు డెల్మర్, కోచ్ దగ్గరకొచ్చి.

"పండుగ పూట వాళ్ల సంబరం ఎందుకు పాడుచెయ్యడం, పెద్దాయనా? గెలిచామంటే వచ్చే ఏడు పిలుస్తారా?"

అవతలి కోచ్ అప్పుడే కాగితం పట్టుకొచ్చాడు, వచ్చే ఏటి పిలుపు. బ్రాంట్ జేబులు తడుముకుని, "పెన్నుందా?" అన్నాడు.

డెల్మర్ చొక్కా జేబులో రెండున్నాయి. "లేదు" అన్నాడు.

కుర్రాళ్లు అప్పటికే ఆతిథ్యమిచ్చినవాళ్లు పెట్టిన ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకం చుట్టూ మూగారు. కెప్టెన్ ట్రెంట్ కూబిక్ నోటినిండా కుక్కుకుని, "తాతా, ఇక్కడిది మొన్నటి ఊరిదానికన్నా బావుంది" అన్నాడు. ఓడినవాడి మొహం ఒక్కటీ కనబడలేదక్కడ. వాళ్ల వేళ్లకంటిన పాకం చూసి ఆయన మొహం తిప్పుకుని బస్సెక్కాడు.

తిరిగి మూడు గంటల దారి. వెనక పాటలు, కేకలు. కాలేజీ దగ్గర అందరూ దిగాక, తాళాలు బ్రాంట్ చేతిలో పెట్టాడు.

"ఇదేంటి? గెలుపు చూడందే వదలనన్నావుగా?"

"పది చూశాను. అన్నీ అవతలివాళ్లవి. మూరెడు దూరంలో మనది కూడా చూశాను. నువ్వు కూర్చోబెట్టావు."

బ్రాంట్ నవ్వబోయాడు. డెల్మర్ ఆగలేదు. నడిచే ఇంటికెళ్లాడు, రెండు మైళ్లు. గుమ్మంలోనే బూట్లు విడిచి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.