ఖాళీ షీట్లు

మా పేటలో నేను కనిపిస్తే చాలు, ఆడవాళ్ళు ఇంట్లోకి పోయి ఖాళీ మాత్రల షీట్లు వెతుకుతారు. పాత షీట్లు తిరిగి ఇస్తే తప్ప నేను కొత్తవి ఇవ్వను. ఇది పైవాళ్ళు పెట్టిన నియమం కాదు, నేను పెట్టుకున్నదే. బీపీ, షుగరు ఉన్న నూట పన్నెండు మందికి నెలకోసారి ఇంటికెళ్ళి ప్రభుత్వం ఇచ్చే మాత్రలు అందించడం నా పని. ఇచ్చిన మాత్ర గొంతు దిగిందో, గోడ సందులో పడిందో నాకెలా తెలుస్తుంది? అందుకని షీట్లు అడగడం మొదలుపెట్టాను. ఎంత తెలివైనదాన్నో అని కొన్నాళ్ళు మురిసిపోయాను కూడా.

మాది తూత్తుకుడి ఉప్పుమళ్ళ పక్కన ఉన్న పేట. నేనూ పదేళ్ళు మడిలో ఉప్పు తట్ట మోసినదాన్నే. పదో తరగతి పాసైన ఆడవాళ్ళు ఈ మాత్రల పనికి కావాలన్న మాట మొదట విన్నది ముత్తుపేచ్చి అక్క. "ఎప్పుడో పాసయ్యావు కదే తంగపుష్పం, ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టి పూజ చేస్తున్నావా?" అని నన్ను ఆరోగ్య కేంద్రానికి లాక్కుపోయింది. నా తరఫున వాళ్ళతో మాట్లాడింది కూడా ఆవిడే. నాకోసం ఆ రోజు తన కూలి పోగొట్టుకుంది. ఈ రోజు నేను నీడపట్టున తిరుగుతున్నానంటే అది పేచ్చక్క పెట్టిన భిక్ష. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పాలంటే నాకు మొహం చెల్లదు.

పేచ్చక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. భర్త పోయి చాలాకాలమైంది. పెళ్ళయిన కూతురు ఇసక్కి ఆ ఇంట్లోనే ఉంటుంది. అల్లుడు పడవ మీద పోతే పదిహేను రోజులకోసారి తేలతాడు. తట్ట మోయడంలో మడి మొత్తానికి పేచ్చక్క తర్వాతే ఎవరైనా. ఆవిడకు షుగరుందని నా చేతి మీదే తేలింది. వేలు గుచ్చి చూస్తే మూడు వందల పది వచ్చింది. "బళ్ళో ఎప్పుడూ ఇన్ని మార్కులు రాలేదే నాకు" అని పకపకా నవ్వింది.

డాక్టరు పంచదార మానమన్నాడు. పేచ్చక్క మానేసింది, ఆ మాట తప్పలేదు. నెల తర్వాత వెళితే పెద్ద గ్లాసుతో కాఫీ తాగుతోంది. ఇదేమిటక్కా అంటే, ఇది తాటిబెల్లం, పంచదార ఎక్కడుంది, చెట్టు నుంచి వచ్చింది ఒంటికి ఏం చేస్తుంది అని నాకే పాఠం చెప్పింది. నవ్వొచ్చింది. అది నవ్వాల్సిన సంగతి కాదని అప్పుడు తెలియలేదు.

రెండు రకాల మాత్రలు ఇచ్చేవాళ్ళం, పెద్దదొకటి, చిన్నదొకటి. పెద్దది వేసుకుంటే కొందరికి కడుపు జారుతుంది. ఇంట్లో ఉన్నవాళ్ళకు అదేం పెద్ద బాధ కాదు. ఉప్పుమడిలో మాత్రం కనుచూపు మేర తెల్లటి బయలు, చాటుకు చిన్న తుప్ప కూడా ఉండదు. అక్కడ ఆడది కడుపు పట్టుకుని ఎటు పరిగెత్తాలి? చిన్న మాత్ర వేసుకున్నాక వెంటనే తినాలి. మడిలో పని కోడి కూయకముందే మొదలవుతుంది, చద్దన్నం మూత తీసేసరికి పది దాటుతుంది. ఈలోగా కళ్ళు బైర్లు కమ్ముతాయి. మాత్రలు మొదలుపెట్టిన నాలుగో రోజున పేచ్చక్క తట్టతో సహా గట్టు మీద పడిపోయింది. మేస్త్రి నీళ్ళు చల్లించి, జబ్బు మనుషులు నాకొద్దని ఇంటికి పంపేశాడు. వారం రోజులు పనిలోకి రానివ్వలేదు.

ఆ తర్వాత ఆవిడ పనికి పోయే రోజుల్లో మాత్ర ముట్టలేదు. మడిలో పని ఉండే రోజులంటే ఏడాదిలో వానాకాలం తప్ప మిగిలినవన్నీ.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు, షీట్లే చెప్పాయి. నిజంగా రోజుకో మాత్ర తీసుకున్న షీటు నెల తిరిగేసరికి నలిగిపోతుంది, మూలలు మడతపడతాయి, పసుపో నూనో అంటుకుంటుంది. పేచ్చక్క ఇచ్చే షీట్లు నిగనిగలాడేవి. గంట ముందు కూర్చుని మాత్రలన్నీ ఒకేసారి నొక్కేసినట్టు చిల్లులన్నీ ఒకే తీరుగా ఉండేవి. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషినని నాకు పేరు. ఒకసారి చూసి, "అక్కా, వీటిని ఇస్త్రీ చేయించావా?" అన్నాను. ఆవిడ నా వైపు అదోలా చూసి, "తీసుకోవే, లెక్క సరిపోయింది కదా" అంది. తీసుకున్నాను.

మూడు నెలలకోసారి పరగడుపున రక్తం చూడాలి. ఏ రోజో తెలియకపోతే అందరూ మడికి పోతారు కాబట్టి వారం ముందే ఇంటింటికీ చెప్పేదాన్ని. అదే వాళ్ళకు చాలు. రక్తం చూసే ముందు నాలుగు రోజులూ పని మానుకుని మరీ మాత్రలు వేసుకునేవాళ్ళు. ముందురోజు మధ్యాహ్నం నుంచే కడుపు మాడ్చుకునేవాళ్ళు. తెల్లారి వేలు చాపితే అంకె బుద్ధిమంతుడిలా కూర్చునేది. పేచ్చక్కది నూట పద్దెనిమిది, నూట ఇరవై రెండు, నూట పదిహేను. నేను రాసే ఆవిడ షుగరు పుస్తకంలో ఆ అంకెలు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మోసం చేయాలని ఎవరికీ లేదు. కేంద్రంలో నర్సమ్మ అరవకుండా ఉంటే చాలు, నాకు మాట రాకుండా ఉంటే చాలు, అంతే వాళ్ళ ఆలోచన. నా ఆలోచనా అంతకంటే గొప్పదేం కాదు.

ఆ ఏడాది షుగరు అదుపులో ఉన్నవాళ్ళు మా పేటలోనే ఎక్కువని నాకు మీటింగులో శాలువా కప్పి, ఒక షీల్డు ఇచ్చారు. ఇంటికి తెచ్చి టీవీ మీద పెట్టాను. పేచ్చక్క వచ్చి కొంగుతో తుడిచి, "నా చెల్లెలికి వచ్చింది" అని నలుగురికీ చూపించింది. వారం తిరక్కుండానే ఆవిడ కాలు తెగింది.

మడి అడుగున గాజుపెంకులా గట్టిపడిన పొర ఉంటుంది. అది అరికాల్లో దిగింది. ఆవిడకు తెలియనే లేదు. వెనక తట్ట మోస్తున్న మనిషి తెల్లటి ఉప్పు మీద ఎర్రటి అడుగులు చూసి కేక పెడితే అప్పుడు చూసుకుంది. ఉప్పు పాడైందని మేస్త్రి తిట్టాడట. నొప్పి లేదు కదా అని గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా మోసింది. పది రోజుల తర్వాత నా కంట పడింది. పుండు రూపాయి బిళ్ళంత ఉంది, అంచులు తెల్లగా చీకిపోయాయి.  షుగరు కాళ్ళ గురించి మాకు శిక్షణలో బొమ్మలు చూపించారు. అప్పటికప్పుడు ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాను.

కొత్తగా వచ్చిన డాక్టరు, చిన్నవాడు, మంచివాడు. పుండు చూశాడు, పుస్తకం తెరిచాడు. అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు.

"షుగరు ఇంత బాగుంటే ఇది దానివల్ల కాదు. ఉప్పునీళ్ళ పుండు. ఈ ఊళ్ళో రోజుకు పది చూస్తున్నాను." తర్వాత తలెత్తి ఆవిడను కాదు, నన్ను అడిగాడు. "మాత్రలు రోజూ వేసుకుంటోందా?"

పేచ్చక్క నా వైపు చూసింది. బతిమాలుకునే చూపు కాదు. నా మనిషి పక్కనే ఉందన్న ధీమా అది.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట వెనకే, అయితే ఇన్నాళ్ళూ నువ్వు రాసిందేమిటి అన్న ప్రశ్న వస్తుంది. నా పేట, నా అంకెలు, నా షీల్డు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. నలుగురిలో పేచ్చక్కను అబద్ధాలకోరుగా నిలబెట్టడం ఎలా అని కూడా అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకేమో, ఇప్పటికీ తేల్చుకోలేను.

"రోజూ వేసుకుంటుంది సార్. షీట్లు నేనే లెక్క చూస్తాను" అన్నాను.

ఆయన నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? అప్పటికప్పుడు వేలు గుచ్చి చూడమని కూడా అనలేదు. పూతమందు రాసిచ్చి, నెల రోజులు ఉప్పులో దిగవద్దన్నాడు. తిరిగి వస్తుంటే దారిలో పేచ్చక్క నా భుజం మీద చెయ్యేసి, "పరువు కాపాడావే" అంది.

ఆవిడ ఉప్పులో దిగకుండా ఆరు రోజులే ఉండగలిగింది. కాలికి ప్లాస్టిక్ సంచి కట్టుకుని మళ్ళీ పోయింది. నేను రోజూ వెళ్ళి పుండు కడిగాను, కట్టు కట్టాను, మాత్ర నా ఎదుటే మింగించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. నాలుగో వారంలో బొటనవేలు నల్లబడింది. ఇల్లంతా ఒకటే వాసన. పెద్దాసుపత్రిలో వేలు గుచ్చితే నాలుగు వందల ఎనభై. అక్కడి డాక్టరమ్మ మా పుస్తకాన్ని, ఆ అంకెను పక్కపక్కన పెట్టి చూసి, ఇది ఈ మనిషి పుస్తకమేనా అని అడిగింది. అవునని తలూపాను. ముందు వేలన్నారు, తర్వాత పాదమన్నారు, చివరికి మోకాలి కింద దాకా తీసేశారు.

మత్తు దిగిన రోజున నేను మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. నా వల్లేనక్కా అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "మాత్రలు పారబోసింది నేను, రాసింది నువ్వు, నమ్మింది ఆయన. తిలాపాపం తలా పిడికెడు" అంది. "కానీ కాలు మాత్రం నా ఒక్కదానిదే పోయింది చూశావా?" ఈ మాట నవ్వుతూనే అంది. నాకు ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఆ మాట గుర్తొస్తుంది.

ఇప్పుడు పేచ్చక్క రోజూ మాత్రలు వేసుకుంటుంది. పనికి పోయేది లేదు, కడుపు జారితే ఇల్లే, కళ్ళు తిరిగితే గోడే. నాకిచ్చే షీట్లు నలిగి, మూలలు మడతపడి, పసుపు అంటుకుని ఉంటాయి. మొన్న రక్తం చూస్తే నూట పన్నెండు. ఆ మూడు వందల పది తర్వాత ఆవిడ పుస్తకంలో నేను రాసిన మొదటి నిజమైన అంకె అది.

తల్లి తట్ట ఇసక్కి ఎత్తుకుంది. ముప్పై నాలుగేళ్ళు. ఆర్నెల్లు తిరక్కముందే ఆ పిల్లకూ షుగరని తేలింది, రెండు వందల ఎనభై. ఈసారి అలా కానివ్వనని మా అమ్మవారి గుడి ముందు ఒట్టేసుకున్నాను. మేస్త్రి దగ్గరికి పోయి, పొద్దున ఏడింటికి ఆడవాళ్ళను పావుగంట కూర్చుని తిననివ్వమని అడిగాను. ఒకరికి మాత్రలు, ఒకరికి పాలు తాగే పిల్ల, ఇలా ఒక్కొక్కరికీ పావుగంట ఇస్తూ పోతే ఉప్పు నువ్వొచ్చి మోస్తావా అన్నాడు. చెప్పకుండా రక్తం చూద్దామని ఒక గురువారం పొద్దున్నే బయల్దేరాను. సగం ఇళ్ళకు తాళాలు, మిగతా సగం తినేశామన్నారు. ఇసక్కి మాత్రలు వేసుకోవడం లేదని ఉన్నది ఉన్నట్టు రాశాను. పైనుంచి నాకు తిట్లు పడ్డాయి. ఆ పిల్లను పని మాన్పించి కేంద్రానికి రప్పించారు. అక్కడ అంతా వివరంగా చెప్పాను. విన్నారు. ఆ రెండు మాత్రలకు తోడు మూడోది రాసిచ్చి పంపారు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఇసక్కి గడపలో నిలబడి ఖాళీ షీట్లు ఇచ్చింది. మూడు రకాలూ నిగనిగలాడుతున్నాయి.

లోపల గోడకానుకుని కూర్చున్న పేచ్చక్క అది చూసింది. "వేసుకోవే ఇసక్కీ, నా కాలు చూసైనా వేసుకో" అంది.

"వేసుకుని మడిలో పడిపోతే రేపటి నుంచి నన్నూ రానివ్వరు. ఇద్దరం ఇంట్లో కూర్చుని మాత్రలే తిందామా అమ్మా?"

 పేచ్చక్క మిగిలిన కాలి మీదికి చీర సర్దుకుంది.

ఇసక్కి నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "పిన్నీ, మళ్ళీ రక్తం చూసేది ఎప్పుడో కాస్త ముందే చెప్పు. ఆ నాలుగు రోజులూ వేసుకుంటాను."

నేను ఆ పిల్ల పాదాల వంక చూశాను. ఉప్పుకు పగిలి, తెల్లగా, అచ్చం తల్లి పాదాలే. షీట్లు లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాను. మాత్రల లెక్కలు ఎక్కించే ఫోను తీసి, ఇసక్కి పేరు ఎదురుగా 'రోజూ వాడుతోంది' అన్న చోట నొక్కాను.

"వచ్చే బుధవారం" అని చెప్పాను.