మాటు పడిన చిల్లి

నేను ఒక ఇత్తడి గిన్నెను, అడుగున చిల్లి ఉన్నదాన్ని. నన్ను ఈదించిన కాటమయ్యను నేను క్షమించలేదు. అది తేలిపోయిన విషయం.

నన్ను చేసిన కంచరి పనిమంతుడు. గిన్నెనంతా నునుపుగా సాగగొట్టి, చివరికి అడుగున సూది దూరేంత చిల్లి పొడిచాడు. ఆ చిల్లే నా ఉద్యోగం. మా ఊరికి వానలు చుట్టపుచూపుగా వస్తాయి. ఉన్నది ఒక్క ఊటకాలువ. దాని నీళ్లు కాటమయ్య చేనికీ, పక్కనున్న మద్దక్క చేనికీ వంతులు. తొట్టినీళ్ల మీద నన్ను ఖాళీగా వదులుతారు. చిల్లిలోంచి నీళ్లు ఎక్కి నేను మునిగితే ఒకరి వంతు అయిపోయినట్టు. అప్పుడు మడవ తిప్పి నీళ్లను రెండో చేనికి మళ్లిస్తారు. మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మరు గాని, చిల్లిని నమ్ముతారు.

నన్ను ఉంచుకున్నది కాటమయ్య. అతని కొత్త కోడలు సంజమ్మ సామాన్లు తోముతూ నన్ను ఎత్తి చూసి, అయ్యో అనుకుంది. వీధిలోకి వచ్చిన మాట్లవాడి చేత చిల్లి పూడ్చి మాటు వేయించింది. ఆమె మీద నాకు కోపం లేదు.

మరునాడు మొదటి వంతు కాటమయ్యది. నేను తేలుతూనే ఉన్నాను. అతని మడులు నిండి గట్లు పొర్లాయి. అనుమానమొచ్చి నన్ను తిప్పి చూశాడు. మాటు కనబడింది. మళ్లీ నీళ్ల మీద పెట్టి వక్క నమిలాడు. అవతల మద్దక్క రాగిచేను వెన్ను తీస్తోంది. ఆ పూట తడి అందకపోతే అంతా తాలే.

“కాటమయ్యన్నా, నీ గిన్నె ఈత నేర్చిందా?” అంది మద్దక్క గట్టు మీంచి.

“మునగలేదు గదమ్మా. నేనేం చేసేది?”

అప్పుడే సంజమ్మ సంగటి తెచ్చింది. తొట్టిలోకి చూసి మురిసిపోయింది.

“చూడు మామా, మాటు వేయిస్తినా, ఇప్పుడు చుక్క దూరలేదు.”

మద్దక్క గట్టు దిగి వచ్చింది. పార తీసి మడవ తానే తిప్పింది. నన్ను కొంగున కట్టుకుని పోయింది. కాటమయ్య తల వంచుకుని సంగటి తిన్నాడు. పొద్దు వాలేసరికి ఆమె చేను తడిసింది. కంచరి నా చిల్లి మళ్లీ తెరిచాడు. ఆ ఏడు ఆమె వెన్నులు పిడికిళ్లలా బిగిశాయి. అప్పట్నుంచి ఆమె దగ్గరే ఉండి ఇద్దరికీ ఒకేలా మునిగాను.

ఇప్పుడు కాలువకు మీటరు పెట్టారు. దాన్నీ నమ్ముతున్నారు, నమ్మనీ. నేను మద్దక్క ఇంటి గూట్లో ఉన్నాను. చిల్లిలోంచి గాలి ఆడుతుంది. హాయిగా ఉంది.

మొన్న కాటమయ్య వచ్చాడు. నన్ను తీసి, చిల్లిని వేలితో తడిమి, “ఆ రోజు నేను...” అని మొదలుపెట్టాడు.

“మజ్జిగ తాగన్నా,” అంది మద్దక్క.

ఆమె ఆనాటి మాట ఎత్తదు. నేనూ ఇక ఎత్తను.