నీలి కుండల పూచీ

వీసాకు ఏమేం కావాలో అసాబికి కంఠతా వచ్చేసింది. పాస్‌పోర్టు, ఆర్నెల్ల బ్యాంకు కాగితం, బ్రెమెన్ ఊరి మ్యూజియం వాళ్ళు పంపిన ఆహ్వానం, అక్కడ బస ఎక్కడో తెలిపే ఉత్తరం, రానూపోనూ టికెట్టు, ఆరోగ్య బీమా. ఇవన్నీ తిరిగితే దొరికేవే. ఎంత తిరిగినా దొరకనిది ఒక్క ప్రశ్నకు జవాబు. అద్దం కిటికీ వెనక కూర్చున్న మనిషి కాగితాలన్నీ తిరగేసి, చివరికి తలెత్తి అడుగుతుంది: మీరు తిరిగి వస్తారని నమ్మకం ఏమిటి?

లాగోస్‌కు దగ్గర్లోని అబెయోకుటా ఊళ్ళో గుడ్డలకు రంగులద్దే ఆడవాళ్ళలో ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయి ఇంటికొచ్చినవాళ్ళు ఎంతోమంది. మొగుడున్నాడంటే చాలదు. పిల్లలున్నారంటే, పిల్లల కోసమే అక్కడ ఉండిపోతారేమో అంటారు. నిరుడు ఒకావిడ దేవుడి మీద ఒట్టు వేసి వచ్చింది. ఫారంలో ఒట్టుకు గడి లేదని బజారంతా నెల రోజులు నవ్వుకున్నారు.

ఈసారి ఆహ్వానం ముగ్గురికి వచ్చింది. ముగ్గురిలోనూ పనిలో పెద్దరికం అసాబిదే. యాభై రెండేళ్ళు వచ్చినా, నీలిమందు కుండ మూత తీయగానే వాసనబట్టి అందులో ఏం తక్కువైందో చెప్పగలదు. రెండో ఆమె సికిరా. మక్కా వెళ్ళి వచ్చింది కాబట్టి అందరూ అల్హాజా అని పిలుస్తారు. మూడో ఆమె ఎవతోమి. పందొమ్మిదేళ్ళ కిందట బూడిద జల్లించే పనికి అసాబి పెరట్లోకి వచ్చిన పిల్ల, వీధి చివర పెరడు అద్దెకు తీసుకుని సొంతంగా కుండలు పెట్టుకునేదాకా ఎదిగింది. రంగు అంటకుండా కోడి ఈకతో గుడ్డ మీద కర్రపెండలం గంజి గీత గీస్తే, అది అసాబి గీసిందో ఎవతోమి గీసిందో కొనేవాళ్ళు పోల్చలేరు.

అయిదు రోజుల ప్రదర్శన. అది బాగా జరిగితే వచ్చే ఏడు చిన్నవాళ్ళను నెల రోజుల శిక్షణకు పిలుస్తామని మ్యూజియం వాళ్ళు విడిగా ఒక ఉత్తరం రాశారు. అందులో మొదటి పేరు అసాబి కూతురు తొలానిది. ఆ ఉత్తరాన్ని అసాబి కూతురి చేత నాలుగుసార్లు చదివించుకుంది. అయిదోసారి చదవమంటే తొలాని, "అందులో అక్షరాలు పెరగవమ్మా" అంది.

గుంపు పెద్దగా అసాబి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ముగ్గురం కలిసి వెళ్తాం, ముగ్గురం కలిసి వస్తాం, వచ్చాక మూడు పాస్‌పోర్టులూ తెచ్చి వీసా ఆఫీసులో చూపిస్తాం అని. సంతకం పెట్టడానికి ఆమె ఏమీ ఆలోచించలేదు. ఆలోచించిందల్లా ఎవతోమి జవాబు గురించే. మొగుడు ఎప్పుడో వదిలేశాడు. ఒక్క కొడుకు, వాడు ఇజెబు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ఇల్లు అద్దెది. కిటికీ వెనక మనిషికి చూపించడానికి ఆమె దగ్గర ఏముంది?

"నన్ను పంపరులే అక్కా. నువ్వూ అల్హాజా వెళ్ళి రండి," అంది ఎవతోమి, ఆరేసిన గుడ్డలు మడతపెడుతూ.

"నీ కుండలు లేవూ?"

"కుండలేం చేస్తాయి?"

"కుండను పది రోజులకు మించి వదిలేస్తే అందులో పులిసే రంగు చచ్చిపోతుందని చెప్పు. పొద్దున్నే వాసన చూడాలి, చుక్క నాలిక మీద వేసుకోవాలి, బూడిదనీళ్ళు పోయాలి, దాని పాలు దానికి పట్టాలని చెప్పు. చంటిపిల్లను వదిలేసి ఎవరైనా ఉండిపోతారా అని నువ్వే ఎదురడుగు."

ఆ మాట అసాబి తన కోసం దాచుకున్నది. ఎన్నో రోజులు రంగులో చేతులు ముంచి తిప్పుతూ తయారు చేసుకున్నది. ఎవతోమికి ఇచ్చేశాక ఇద్దరూ ఒకే మాట చెబితే బాగోదని, తన వంతు వచ్చినప్పుడు మొగుడి గురించీ ఇంటి పత్రాల గురించీ చెప్పి సరిపెట్టుకుంది.

లాగోస్‌లో కిటికీ వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ ఉంది. మన దేశం మనిషే. ఎవతోమి చెప్పిందంతా శ్రద్ధగా రాసుకుంది. రంగు పైన రాగి మీగడ కడుతుందంటే నిజమా అని అడిగింది. చచ్చిన కుండ మళ్ళీ బతుకుతుందా అనీ అడిగింది. బతకదంది ఎవతోమి. బయటికొచ్చాక అసాబి ఆమె వీపు తట్టి, నువ్వు నాకంటే బాగా చెప్పావంది. వారం తిరక్కుండా ముగ్గురికీ వీసాలు వచ్చాయి.

ప్రయాణానికి ముందు కుండల సంగతి మాట్లాడుకున్నప్పుడు, తన వాటితో పాటు ఎవతోమి రెండు కుండలనూ తొలాని చూసుకుంటుందని అసాబి చెప్పింది. ఎవతోమి వద్దంది. పిన్ని వస్తుంది, ఆమె చూసుకుంటుంది, పిల్లకు రెట్టింపు పనెందుకు అంది. అసాబికి అందులో వింతేమీ కనిపించలేదు.

బ్రెమెన్‌లో చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. గంజి గట్టిపడి ఈకకు ఎక్కేది కాదు. అయినా జనం చుట్టూ మూగి చూశారు. అసాబి మూడు పాస్‌పోర్టులనూ గుడ్డ సంచిలో పెట్టి, నడుముకు చుట్టుకున్న బట్ట కింద ముడేసుకుంది. సంచి కనిపించినప్పుడల్లా సికిరా, మమ్మల్ని కూడా మడిచి అందులోనే పెట్టేసుకోరాదా అని దెప్పేది. పోగొట్టుకుంటామని భయమంతే అనేది అసాబి. అది సగం నిజం. ఆటల జట్లు, పాటల జట్లు ఇలా వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు పాస్‌పోర్టులు ఎందుకు దగ్గర పెట్టుకుంటారో ఊళ్ళో అందరికీ తెలుసు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎవతోమి వచ్చి తన పాస్‌పోర్టు అడిగింది. ఫోనులో వేసుకునే సిమ్ము కొనాలంటే చూపించాలట. కొడుకుతో మాట్లాడి నాలుగు రోజులైందట. అసాబి చెయ్యి ముడి మీద ఒక్క క్షణం ఆగింది. ఎవతోమి అది చూసింది.

"నా మీద కూడానా అక్కా?"

అసాబికి సిగ్గేసింది. గబగబా ముడి విప్పి ఇచ్చేసింది. ఇవ్వడమే కాక, దారిలో చలేస్తుందని తన శాలువా కూడా కప్పి పంపింది.

సాయంత్రానికి గదిలో ఎవతోమి పెట్టె లేదు. ప్రదర్శన బల్ల మీద ఇద్దరూ చెరో వైపు నుంచీ గీస్తూ వచ్చిన గుడ్డ సగంలో ఆగిపోయి ఉంది. మ్యూజియం వాళ్ళు ఎక్కడెక్కడికో ఫోన్లు చేశారు. ఆఖరి రోజు విమానాశ్రయంలో పిలుపు వినపడేదాకా అసాబి తలుపు వైపే చూస్తూ కూర్చుంది. సికిరా తస్బీ పూసలు తిప్పుకుంటూ గడిపింది.

ఇంటికి చేరిన మర్నాడు పొద్దున్నే అసాబి బూడిదనీళ్ళ క్యాను పట్టుకుని ఎవతోమి పెరట్లోకి వెళ్ళింది. విమానంలో వస్తున్నంతసేపూ ఒకటే అనుకుంది. అక్కడ ఎవరో మనసు తిప్పి ఉంటారు. ఒక్క సాయంత్రపు తప్పు. కుండలు బతికి ఉంటే ఫోను చేసి చెప్పచ్చు, నీ కోసం ఎదురు చూస్తున్నాయి వచ్చెయ్యి అని. పిన్నికి కుండల సంగతి ఏం తెలుసు, ఎన్ని నీళ్ళు పోసిందో ఏమో అని అడుగులు తొందరగా వేసింది.

పెరట్లో కుండలు లేవు. అవి ఉన్నచోట నేల మీద రెండు గుండ్రటి గుంటలున్నాయి. ఆ గుంటల్లో గడ్డి మొలిచి వేలెడు పొడవు పెరిగింది.

ఆ గడ్డిని ఆమె చాలాసేపు చూసింది. తాము ఊళ్ళో లేనిది తొమ్మిది రోజులు. ఎండకు నెర్రెలిచ్చిన నేల. తొమ్మిది రోజుల్లో పెరిగే గడ్డి కాదది.

కుండలు సికిరా పెరట్లో కనిపించాయి. శుభ్రంగా తోమి గోడ వారగా బోర్లించి ఉన్నాయి. సికిరా గుమ్మంలో కూర్చుని అకారా వడలు తింటోంది. అసాబిని చూసి లేవలేదు, రమ్మనీ అనలేదు.

"ఎప్పుడు తెచ్చుకున్నారు అల్హాజా?"

"వీసాలు వచ్చిన వారానికి. ఆమె ఇచ్చింది, నేను తీసుకున్నాను."

"ఎందుకిస్తోందని అడగలేదా?"

"రంగు పారబోసి కుండలు కడిగేసుకున్న మనిషిని అడగడానికేముంది తొలాని అమ్మా? పిన్నీ లేదు, ఎవరూ లేరు. ఇంటి అద్దె కూడా ఆ నెలతో ఆపేసింది."

"అంటే మీకు తెలుసు."

"నాకొక్కదానికేనా? ఈ వీధి వీధంతా తెలుసు." సికిరా చేతికంటిన నూనె తుడుచుకుంది. "నీకు చెబితే పెట్టిన సంతకం వెనక్కి తీసుకునేదానివి కాదూ? నీ సంతకం లేకపోతే నేను విమానం ఎక్కేదాన్నా? అరవై దాటాయి నాకు. నన్ను మళ్ళీ ఎవరు పిలుస్తారు?"

అసాబి బూడిదనీళ్ళ క్యాను కింద పెట్టింది. తాము బయల్దేరిన రోజు ఆ వీధంతా కారు దాకా వచ్చి సాగనంపింది. కూరలమ్మే ఆవిడ అసాబి రెండు చేతులూ పట్టుకుని, క్షేమంగా వెళ్ళి ముగ్గురూ క్షేమంగా రండి అని దీవించింది. ఆ దీవెన గుర్తొచ్చి ఇప్పుడు ఒళ్ళంతా మండింది.

వారం గడిచాక ఎవతోమి గొంతు ఫోనులో వచ్చింది. రికార్డు చేసి పంపిన మాటలే, తిరిగి పిలిస్తే ఎత్తలేదు. క్షమించమని ఏడ్చింది. కొడుకు బతుకు బాగుపడాలంటే తనకు వేరే దారి కనిపించలేదంది. ఆ తర్వాత ఏడుపు ఆపి, నెమ్మదిగా చెప్పింది: "ఆఫీసులో అడిగితే నాకు జబ్బు చేసిందని చెప్పు అక్కా. ఆసుపత్రిలో ఉందని, నయం కాగానే వస్తుందని చెప్పు. అప్పుడు తొలానికి ఏ ఇబ్బందీ రాదు. నేను అంతా ఆలోచించాను."

అసాబిని కోసింది ఆ చివరి మాటే. అంతా ఆలోచించింది. తొలాని గురించి కూడా ఆలోచించే చేసింది.

తొలాని అది రెండుసార్లు విని ఫోను తల్లికి ఇచ్చేసింది. జబ్బని చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పెరట్లోకి వెళ్ళి కుండ మూత తీసి కర్రతో తిప్పుతూ నిలబడింది. ఆ నిలబడటం చూసి అసాబి, అబద్ధమే చెబుదామని నిశ్చయించుకుంది. తన సంతకానికి ఎలాగూ విలువ పోయింది. పిల్ల దారి పోకుండా చూసుకోవాలి.

సోమవారం లాగోస్ బస్సులో ఆ మాటలే వల్లె వేసుకుంది. జబ్బు. ఆసుపత్రి. ఊపిరితిత్తుల్లో చలి చేరింది. కిటికీ వెనక ఆ కళ్ళజోడు ఆవిడే ఉంది. రెండు పాస్‌పోర్టులూ తీసుకుని ముద్రలు చూసింది. మూడోది ఏదని అడిగింది.

"ఆమెకు జబ్బు చేసిందమ్మా. అక్కడ ఆసుపత్రిలో ఉంది."

ఆవిడ రాసుకోబోయి ఆగింది. పాత ఫైలు తెరిచి ఒక పేజీ దగ్గర వేలు పెట్టింది. ముఖంలో నిజమైన దిగులు కనిపించింది.

"అయ్యో. మరి ఆమె కుండలో? పది రోజులు దాటిపోయిందే. ఎవరైనా చూస్తున్నారా వాటిని?"

ఇన్ని రోజుల్లో ఆ కుండల గురించి అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే. వీధి వీధంతా తెలిసి ఊరుకుంటే, అద్దం వెనక కూర్చున్న ఎవరో పరాయి మనిషి ఆ మాటను నమ్మి గుర్తుపెట్టుకుంది. అసాబి నోరు తెరిచింది. వల్లె వేసుకున్నదేదీ రాలేదు.

"కుండలు లేవమ్మా," అంది. "వెళ్ళకముందే పారబోసి కడిగేసింది. ఆమెకు జబ్బేమీ లేదు. ఇక రాదు."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ కుండల మాట ఎవతోమికి నేర్పింది ఎవరని అడగలేదు. అడిగి ఉంటే అసాబి అదీ చెప్పేసేది. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నాలుగు పంక్తులు రాసింది. పాస్‌పోర్టులు కిటికీ కింది సందులోంచి బయటికి తోసింది. తర్వాతి నంబరు పిలిచింది.

మ్యూజియం వాళ్ళు మాత్రం మాట తప్పలేదు. వానలు వెనకపట్టాక తొలాని పేరు మీద ఆహ్వానం వచ్చింది. కాగితాలన్నీ మళ్ళీ పోగుచేశారు. ఈసారి లాగోస్‌లో అసాబి ఆఫీసు బయట బల్ల మీద కూర్చుంది. తొలాని లోపలికి వెళ్ళి ఎంతోసేపు కాకుండానే వచ్చేసింది. చేతిలో ఫైలు వెళ్ళేటప్పుడు ఎలా ఉందో అలాగే, ఒక్క కాగితమూ తగ్గకుండా ఉంది.

"ఎవరున్నారు లోపల?"

"కళ్ళజోడు ఆవిడే."

"ఆ ప్రశ్న అడిగిందా?"

"అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఇంకేం చెబుతాను? కుండల గురించే చెప్పాను. నాకున్నవి అవే కదా."

"ఏమంది మరి?"

"ఏమీ అనలేదు. వింటూ కూర్చుంది." తొలాని ఫైలును తల్లి సంచిలో పెట్టింది. "రాసుకోలేదమ్మా."

అసాబి లేవబోయి మళ్ళీ కూర్చుంది. తొలాని ఆమె మోచెయ్యి పట్టుకుని లేపింది.

"పద. పన్నెండింటి బస్సు దొరికితే సాయంత్రానికి ఇంటికి చేరతాం. పొద్దున వాసన చూశాను, పెద్ద కుండలో బూడిదనీళ్ళు తక్కువయ్యాయి. రేపటిదాకా ఆగితే చచ్చిపోతుంది."