ఆరున్నొకటి

సొరుగు పొట్టిదైందని వీరవేణి, సొరుగు సరిగ్గానే ఉంది బల్లే పొడుగైందని ఆమె మొగుడు అప్పాజీ ఆదివారం పొద్దుటి కాఫీ నుంచీ వాదించుకుంటున్నారు. బల్ల చేసింది కూడా అప్పాజీయే కాబట్టి ఆ వాదనలో అతనికి ఒరిగేదేమీ లేదు. అయినా వదల్లేదు.

పెరట్లో రేకుల షెడ్డుంది. ఫోనులో వీడియోలు చూసి, పాలకొల్లు అడితి నుంచి వేప చెక్క తెచ్చి, అప్పాజీ అందులో వడ్రంగం మొదలుపెట్టాడు. వీరవేణికి కావలసిందీ ఆ షెడ్డే. ఆమె కుట్టుమిషను హాల్లో టీవీ పక్కన ఉంది. ఊళ్ళోవాళ్ళ జాకెట్టు ముక్కల మీద ఇంటిల్లిపాదీ నడుస్తారు. మొన్న ఒకావిడ పట్టు జాకెట్టు మీద పప్పుచారు ఒలికింది. దాంతో పందెం వేసుకున్నారు. ఆదివారానికి బల్లకి సొరుగు కుదిరితే షెడ్డు అప్పాజీది, కుదరకపోతే మిషనుది.

ఆదివారం వచ్చింది. సొరుగు తోస్తే లోపలికి వెళ్ళింది. పైన మాత్రం ఎలక దర్జాగా దూరేంత సందు మిగిలింది.

"గాలాడుతుందిలే," అన్నాడు అప్పాజీ.

"లోపల పెట్టే ఉలికి ఉక్కపోస్తుందా అండీ?"

"కొలత చెప్పింది అమ్మ. నేను కోశానంతే."

వీరవేణి వెళ్ళి అత్తగారు సంపూర్ణమ్మని పిలుచుకొచ్చింది. చెక్క కోసిన రోజు టేపు పట్టుకుంది ఆవిడే.

"అత్తయ్యా, సొరుగు ముందు పలక ఎత్తు ఎంతన్నారు?"

"ఆరున్నొకటి."

"విన్నావా వేణీ? ఆరంగుళాల ఒక నూలు!" అన్నాడు అప్పాజీ. వడ్రంగుల లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ మాట నేర్చుకున్నప్పటి నుంచీ అతను దాన్ని వాడని రోజు లేదు.

"నూలెక్కడిదిరా మధ్యలో? ఆరూ, దాని మీద ఒకటీను."

డిగ్రీ చదువుతున్న కూతురు హారతి ఫోనులోంచి తలెత్తింది. "అంటే ఏడా నానమ్మా?"

"ఆ మాట ఇంట్లో అనకే!" సంపూర్ణమ్మ చెంపలు వేసుకుంది. ఆవిడ కళ్ళంలో ధాన్యం కొలుస్తూ పెరిగిన మనిషి. కొలతలో ఆరు తర్వాత ఆరున్నొకటి, ఆ తర్వాత ఎనిమిది. ఏడు అంటే ఇంటికి ఏడుపు.

"అయితే తప్పు నాది కాదు. పందెం చెల్లదు," అన్నాడు అప్పాజీ.

"మరి నాదంటావేంట్రా?" అంది సంపూర్ణమ్మ.

పందెం చెల్లుతుందంటే తప్పు అత్తగారి నెత్తిన పడుతుంది. చెల్లదంటే మిషను హాల్లోనే ఉంటుంది. వీరవేణి వంటింట్లోకి వెళ్ళి బీరకాయలు చెక్కు తీసింది.

మధ్యాహ్నం అందరికీ పెరుగు వడ్డిస్తూ, ఉప్పు చాలిందా అని అడిగేంత మామూలుగా చెప్పింది.

"షెడ్డు చెరిసగం. తలుపు వైపు నాది, సూదికి వెలుతురు కావాలి. రేపు మిషను జరుపుతున్నాం. సొరుగు మళ్ళీ చెయ్యండి. టేపు అత్తయ్యే పట్టుకుంటారు. అంకె చదివేది మాత్రం నేను."